అక్షరమెరుగని మాట: బాల్టో–స్లావిక్ మూలభాషలో ‘చేయి’ పుట్టుక, విభక్తి రూపములు

సంస్కృత పాఠశాలలో అడుగిడిన ప్రతి విద్యార్థియు ‘రమా, రమే, రమాః’ అని వల్లించును. ఒక రమ, ఇద్దరు రమలు, పెక్కురు రమలు అని దాని తాత్పర్యము. బాల్టిక్ సముద్రతీరమందలి లిథువేనియా దేశములో చేతిని ‘రఙ్క’ అందురు. రెండు చేతులను వారి పూర్వులు ‘రఙ్కి’ అనిరి. పెక్కు చేతులు ‘రఙ్కోస్’. రమా–రఙ్క, రమే–రఙ్కి, రమాః–రఙ్కోస్ అని ఈ రెండు వరుసలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, మాటలు వేరైనను చివరి ప్రత్యయములు ఒకదానికొకటి బదులు పలుకుచున్నట్లు తోచును.

తోచుట వేరు, రుజువగుట వేరు. రెండు మాటలు వినుటకు ఒకే తీరుగా నున్నంత మాత్రమున రెండు భాషలకు చుట్టరికము కట్టుట సులభమైన పని. ఆ పనిని శాస్త్రముగా భావించువారు ఎల్ల కాలములందును ఉన్నారు. ఏ పోలికను నమ్మవలెను, దేనిని నమ్మరాదు అను వివేకమే భాషాశాస్త్రమునకు పునాది. ఆ వివేకము ఎట్లు పనిచేయునో ఒక్క మాటను ఆధారముగా చేసికొని విద్యార్థి మిత్రులకు చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. మేము ఎన్నుకొన్న మాట బాల్టో–స్లావిక్ మూలభాషలోని ‘చేయి’. ఈ మాటను ఎవరును వ్రాయలేదు. పలికినవారు రెండు మూడు వేల ఏండ్ల క్రిందటనే గతించిరి. అయినను దాని రూపమును, చాలవరకు దాని విభక్తులను, నేడు మనము చెప్పగలుగుచున్నాము.

కుటుంబము, సాక్షులు

ఇండో–యూరోపియన్ భాషా కుటుంబమున సంస్కృతము, పారసీకము, గ్రీకు, లాటిన్, జర్మన్ మొదలగునవి వేర్వేరు శాఖలకు చెందినవి. మన ఉర్దూ సైతము ఆ కుటుంబమున భారతీయ ఆర్యశాఖకు చెందిన బిడ్డయే. అదే కుటుంబమున తూర్పు ఐరోపాకు చెందిన శాఖ బాల్టో–స్లావిక్. దీనికి రెండు కొమ్మలు. బాల్టిక్ కొమ్మలో లిథువేనియన్, లాత్వియన్ భాషలు నేటికిని సజీవములు. ప్రాచీన ప్రష్యన్ అను మూడవ భాష 18వ శతాబ్ది ఆరంభమున మూగవోయినది. స్లావిక్ కొమ్మలో రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్, స్లొవీన్ మున్నగు పెక్కు భాషలు కలవు.

ఈ రెండు కొమ్మలు ఒకే బోదె నుండి చీలినవని 19వ శతాబ్దిలో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ ప్రతిపాదించెను. ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యె 1908లో దీనిని ప్రశ్నించి, రెండును ప్రక్కప్రక్కన పెరుగుట చేతనే ఇంత పోలిక కలిగినదని వాదించెను. నేడు అధిక సంఖ్యాకులైన పండితులు ఏకమూలమునే అంగీకరింతురు. మా ‘చేయి’ ఆ వాదమున ఒక ముఖ్యమైన సాక్ష్యము.

సాక్షుల వయస్సును గమనింపవలెను. క్రీ.శ. 863లో సిరిల్, మెథోడియస్ అను సోదరులు మొరావియాకు బోయి, స్లావు ప్రజల భాషలో మతగ్రంథములను వెలయించిరి. ఆ గ్రంథభాషకు ప్రాచీన చర్చి స్లావిక్ అని పేరు. బాల్టిక్ కొమ్మ ఇంకను ఆలస్యముగా అక్షరముల కెక్కినది. ప్రష్యన్ మాటలు ఎల్బింగ్ పదపట్టిక అను వ్రాతప్రతిలో 802 నిలిచినవి. ఆ ప్రతి సుమారు 1400 నాటిది. అచ్చులో ఆ భాషకు 1545లో రెండు, 1561లో ఒకటి క్రైస్తవ ప్రశ్నోత్తర గ్రంథములు వచ్చినవి. లిథువేనియన్‌లో మొదటి అచ్చుపుస్తకము మార్టీనస్ మజ్వీదస్ రచించినది. అది 1547లో కోనిగ్స్‌బెర్గ్ నగరమున వెలువడినది. అనగా మన నన్నయ భారతము తరువాత సుమారు అయిదు వందల ఏండ్లకు.

ఇంత చిన్నవయస్సు గల సాక్షులు అంత పాతకథను ఎట్లు చెప్పగలవు? భాష వయస్సు గ్రంథముల వయస్సు కాదు. గ్రంథము లేని పల్లెటి నోట వేల ఏండ్ల విభక్తి చెక్కుచెదరక నిలువవచ్చును.

నక్షత్ర చిహ్నము

1786 ఫిబ్రవరి 2వ తేదీన సర్ విలియం జోన్స్ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో ఉపన్యసించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిన్ భాషలు బహుశః నేడు లేని ఒక మూలము నుండి పుట్టియుండునని చెప్పెను. ఆయన అంతకు ముందే, 1771లో, పారసీక భాషకు వ్యాకరణము వ్రాసినవాడు. ఆ ‘నేడు లేని మూలము’ను రూపముతో సహా చెప్పుటకు ఒక శతాబ్దము శ్రమించిరి.

మూలరూపమును వ్రాయునప్పుడు దానికి ముందు ఒక నక్షత్ర చిహ్నము నుంచుట ష్లైఖర్ నాటి నుండి వాడుకలోనికి వచ్చినది. ‘*రఙ్కా’ అని వ్రాసినచో, ఇది ఏ శాసనమునను చూచినది కాదు, జ్ఞాతి పదములను బట్టి ఊహించి నిర్మించినది అని అర్థము. ఈ నక్షత్రము అలంకారము కాదు. చూచినదానికిని ఊహించినదానికిని నడుమ గీచిన గీత. చదువరి ఎక్కడ నమ్మవలెను, ఎక్కడ పరీక్షింపవలెను అని అది హెచ్చరించును.

ధ్వనుల సాక్ష్యము

ఇక సాక్షులను పిలుతము. చేతికి లిథువేనియన్‌లో ‘రఙ్క’, లాత్వియన్‌లో ‘రువొక’, ఎల్బింగ్ పట్టికలో ‘రఙ్కొ’, ప్రాచీన చర్చి స్లావిక్‌లో ‘రోఁకా’, పోలిష్‌లో ‘రెఙ్క’, రష్యన్, చెక్, సెర్బియన్ భాషలలో ‘రుకా’, స్లొవీన్‌లో ‘రోకా’.

ఇవి ఒకే మాట యగునా? ‘రఙ్క’కును ‘రుకా’కును నడుమ అనునాసికము పోయినది, అచ్చు మారినది. ఒక్క మాటను బట్టి తీర్పు చెప్పరాదు. కనుక వేరొక మాటను తెత్తము. పంటికి రష్యన్‌లో ‘జుబ్’, పోలిష్‌లో ‘జొంబ్’, స్లొవీన్‌లో ‘జోబ్’, లాత్వియన్‌లో ‘జువొబ్స్’ అందురు. లిథువేనియన్‌లో ‘జంబస్’ అనగా పదునైన అంచు. సంస్కృతమున ‘జంభ’ మనగా దంతము. ఇందును అవే జంటలు కనబడుచున్నవి. లిథువేనియన్‌లో అచ్చును దాని వెంట అనునాసికమును ఉన్నచోట లాత్వియన్‌లో ‘ఉవొ’, రష్యన్‌లో ‘ఉ’, స్లొవీన్‌లో ‘ఓ’. పోలిష్ మాత్రము అనునాసికమును నిలుపుకొన్నది.

మూడవ సాక్ష్యము ఒక పక్షి పేరు. తడినేలలలో నక్కి తిరుగు పొడుగుముక్కు పిట్ట యొకటి కలదు. దానిని లిథువేనియన్‌లో ‘స్లఙ్క’, లాత్వియన్‌లో ‘స్లువొక’, స్లొవీన్‌లో ‘స్లోకా’ అందురు. రఙ్క–రువొక–రోకా అను వరుసయే మరల వచ్చినది. మూడు మాటలలో ఒకే మార్పు ఒకే తీరున జరిగినచో అది పోలిక కాదు, నియమము. నియమము దొరికిన తరువాతనే పండితుడు ‘*రఙ్కా’ అని నక్షత్రముతో వ్రాయుటకు సాహసించును.

అనునాసికము పోవుట మనకు క్రొత్త కాదు. మన పూర్వ గ్రంథములలో ‘వాఁడు’ అని అరసున్నతో వ్రాయుదురు. ఆ అరసున్న ఒకప్పటి నిండుసున్నకు గుర్తు. నేడు పలుకుబడిలో అది లేదు. లిథువేనియన్ లిపిలోను కొన్ని అచ్చుల క్రింద చిన్న కొక్కెము వంటి గుర్తు నుంతురు. అదియు లోపించిన అనునాసికమునకే గుర్తు. నేడు అచట అచ్చు దీర్ఘమగుటయే మిగిలినది. ఆ గుర్తును మేము ఈ వ్యాసమున అరసున్నతోనే చూపుచున్నాము.

పుట్టుక: ఏరునది చేయి

‘రఙ్క’ అను మాట ఎట్లు పుట్టినది? దీనికి సమాధానము లిథువేనియన్ పొలములలో దొరకినది. ఆ భాషలో ‘రిఙ్క్తి’ అనగా ఏరుట, ప్రోగు చేయుట. ‘రెఙ్క’ అనగా ‘ఏరుచున్నాడు’. పుట్టగొడుగులు ఏరినను, చందాలు ప్రోగుచేసినను ఈ క్రియయే. నేడు ఎన్నికలకును ఈ ధాతువు నుండియే ‘రిఙ్కిమై’ అను మాటను కల్పించుకొనిరి.

రిఙ్క్–, రెఙ్క్–, రఙ్క్– అని ఒకే ధాతువులో అచ్చు మూడు విధములుగా మారుచున్నది. ఇది సంస్కృత వైయాకరణులు గుణవృద్ధులని చెప్పిన మార్పునకు జ్ఞాతి. పైన చెప్పిన పిట్ట పేరును ఇట్లే పుట్టినది. ‘స్లిఙ్క్తి’ అనగా ప్రాకుట, ‘స్లెఙ్క’ అనగా ప్రాకుచున్నది, ‘స్లఙ్క’ అనగా ఆ నక్కి తిరుగు పిట్ట. క్రియలో ‘ఎ’కారము, దాని నుండి పుట్టిన ఆకారాంత స్త్రీలింగ నామమున వేరొక అచ్చు. ఈ మార్గము ఇండో–యూరోపియన్ భాషలలో బహుప్రాచీనము. కావున ‘*రఙ్కా’ అనగా మొదట ‘ఏరుట’ యనియు, పిదప ‘ఏరునది’ అనియు అర్థము. ఏరునది కాబట్టి చేయి.

చేతికి దాని పనిని బట్టి పేరు పెట్టుట అసహజము కాదు. సంస్కృతమున ‘కృ’ అనగా చేయుట, ‘కరము’ అనగా చేసెడిది. ఇది చూచి మన తెలుగువారు వెంటనే, “మా భాషలోను చేయునది గనుక చేయి” అందురు. ఇచటనే ఆగి ఆలోచింపవలెను. తెలుగున ‘చేయి’, ‘చేయు’ అను మాటలు దగ్గరగా నున్న మాట నిజము. కాని తమిళమున చేయి ‘కై’, చేయుట ‘చెయ్’. కన్నడమున చేయి ‘కై’, చేయుట ‘గెయ్’. ‘కివి’ అను కన్నడ పదము తెలుగున ‘చెవి’ యైనట్లే, ‘కెఱె’కు సాటి తెలుగున ‘చెరువు’ అయినట్లే, తాలవ్యాచ్చుకు ముందున్న కకారము మన భాషలో చకారమైనది. తమిళమునను ఇట్టి మార్పు కలదు. అయినను అచట చేయుట మాత్రమే ‘చెయ్’ అయి, చేయి ‘కై’గానే నిలిచినది. కనుక పూర్వము ఆ రెండు మాటలలోని అచ్చులు వేరు. బరో, ఎమెనో పండితులు తమ ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువులో వీనిని వేర్వేరు పదములుగానే నమోదు చేసిరి. తెలుగు ఒక్కదానినే చూచినవానికి ఒకే మాటగా తోచినది, తోబుట్టువులను పిలిచి విచారించినచో రెండైనది.

లిథువేనియన్ విషయమున మేము అట్లు జంకుట లేదు. ఏలయన అచట ధాతువు, అచ్చుల మార్పు, నామము పుట్టిన మార్గము, అదే మార్గమున పుట్టిన మరియొక పదము అన్నియు కలసి వచ్చినవి. కాని ఆ ధాతువునకు పైన, ఇండో–యూరోపియన్ మూలభాష వరకు, నిస్సందేహమైన జ్ఞాతులు దొరకలేదు. కనుక వంశవృక్షమును అచటనే ఆపుట ధర్మము.

పాత మాట ఏమైనది?

ఈ శాఖవారు చేతికి క్రొత్త పేరు పెట్టుకొనిరనగా, అంతకు ముందొక పాత పేరు ఉండవలెను. ఆ పేరు మన కళాశాలలో ప్రతిదినము వినబడుచున్నది. హిట్టైట్ భాషలో ‘కెస్సర్’, గ్రీకులో ‘ఖేయిర్’, సంస్కృతమున ‘హస్త’, అవెస్తాలో ‘జస్త’, ప్రాచీన పారసీకమున ‘దస్త’. ఇవి యన్నియు ఒకే ధాతువునుండి పుట్టినవి. సంస్కృత ‘హస్త’ము ప్రాకృతమున ‘హత్థ’ అయి, ఉర్దూలో ‘హాథ్’ అయినది. పారసీక ‘దస్త్’ కూడ ఉర్దూలో ప్రవేశించి, దస్త్‌ఖత్, దస్తానా, దస్తకారీ అను మాటల నిచ్చినది. అనగా ఉర్దూ మాటలాడువాడు ‘హాథ్’తో ‘దస్త్‌ఖత్’ చేయునప్పుడు, ఎన్నడో విడిపోయిన ఇద్దరు జ్ఞాతులను ఒకే పనికి పిలుచుచున్నాడు. అందులో ‘హాథ్’ వారసత్వముగా వచ్చినది, ‘దస్త్’ అరువుగా వచ్చినది. తెలుగున ‘హస్తము’ సంస్కృతము నుండి, ‘దస్తావేజు’, ‘దస్కతు’ పారసీక–ఉర్దూల నుండి వచ్చిన ఎరవుమాటలు. ‘చేయి’ మాత్రమే మనకు పుట్టుకతో వచ్చినది. హస్తమను మాట మనకు కలదని సంస్కృతమునకు తెలుగును సంతానముగా చెప్పరాదు. దస్తావేజు కలదని పారసీకమునకును కాదు.

పాత మాట బాల్టిక్ ప్రజల నోట పూర్తిగా నశించినదా? లిథువేనియన్‌లో చంకను ‘పజస్తిస్’ అందురు. దానిలోని ‘–జస్త్–’ భాగమును పండితులు ‘హస్త’, ‘జస్త’ పదములకు జ్ఞాతిగా భావింతురు. ఇల్లు విడిచిపోయిన పాత యజమాని వస్తువు గదిమూలలో మిగిలినట్లు, చేతి పాత పేరు చేతి క్రింద మిగిలినది.

క్రొత్త పేరు బాల్టిక్ కొమ్మలోను, స్లావిక్ కొమ్మలోను ఒకే రూపమున, ఒకే అర్థమున ఉండుట గమనింపదగినది. పాతది ఇద్దరును ఉంచుకొన్నచో అది తాతల ఆస్తి యని చెప్పవచ్చును. క్రొత్తది ఇద్దరికిని ఒకటే యైనచో, వారు కలసి కాపురమున్న కాలమున సంపాదించినదని ఊహించుట న్యాయము. ఏకమూల వాదమునకు ఈ మాట బలమిచ్చుట ఇందువలననే.

విభక్తి రూపములు

‘*రఙ్కా’ ఆకారాంత స్త్రీలింగ నామము. సంస్కృత ‘రమా’ శబ్దమునకు ఇది సరిజోడు. ఏకవచన విభక్తులను ఒక్కొక్కటిగా చూతము.

ప్రథమ: మూలరూపము ‘*రఙ్కా’. స్లావిక్ ‘రోఁకా’లోని చివరి అచ్చు పూర్వపు దీర్ఘమునకు ఫలము. లిథువేనియన్‌లో అది హ్రస్వమై ‘రఙ్క’ యైనది. ఒకప్పుడు దీర్ఘమని ఎట్లు తెలియును? లిథువేనియన్‌లో ‘గెర’ అనగా మంచిది. దానికి మరియొక ప్రత్యయము చేరినచో ‘గెరోయి’ అగును. చివరన హ్రస్వమైన అచ్చు, నడుమకు రాగానే పూర్వపు ‘ఆ’కారమునకు ఆ భాషలో బదులైన ‘ఓ’కారముగా బయటపడినది. పదాంతమున ఇట్టి దీర్ఘములు కుదించుకొనిపోవు నియమమును లెస్కీన్ అను పండితుడు 1881లో తెలిపెను.

ద్వితీయ: ‘*రఙ్కాన్’. లిథువేనియన్‌లో ‘రఙ్కాఁ’, స్లావిక్‌లో ‘రోఁకోఁ’. రెండింటను అనునాసికము అచ్చులో కరగిపోయినది. ప్రష్యన్ గ్రంథమున ‘రాఙ్కన్’ అని నకారము స్పష్టముగా నిలిచినది. సంస్కృత ‘రమామ్’లో మకారము, ఇచట నకారము. పదాంత మకారము నకారమగుట ఈ శాఖకు సామాన్య లక్షణము.

చతుర్థి: ‘*రఙ్కాయ్’. లిథువేనియన్‌లో ‘రఙ్కాయ్’ గానే వినబడును. స్లావిక్‌లో ‘రోఁత్సే’ అయినది. ‘ఆయ్’ అనునది తాలవ్యాచ్చుగా మారగా, దాని ముందున్న కకారము మన దంత్య చకారము వంటి ధ్వని యైనది. కివి చెవి యైన మార్పునకు ఇది దగ్గరి చుట్టము.

షష్ఠి: ‘*రఙ్కాస్’. లిథువేనియన్ ‘రఙ్కోస్’ దీనికి నిలువెత్తు సాక్షి. గ్రీకులోను, ప్రాచీన లాటిన్‌లోను ఇదే ప్రత్యయము కలదు. స్లావిక్‌లో మాత్రము ‘రోఁకీ’. ‘ఆస్’ నుండి స్లావిక్ ధ్వనినియమముల ప్రకారము ఈ రూపము రాదు. కనుక మూలభాష కొరకు లిథువేనియన్ మాటను నమ్మి, స్లావిక్ రూపమును అనంతరపు కల్పనగా భావింపవలెను.

తృతీయ: ఇచట రెండు కొమ్మలును వేర్వేరు త్రోవలు త్రొక్కినవి. లిథువేనియన్‌లో ‘రఙ్క’, స్లావిక్‌లో ‘రోఁకోయోఁ’. స్లావిక్ రూపము ‘రమయా’ అను సంస్కృత తృతీయను జ్ఞప్తికి తెచ్చును.

సప్తమి: స్లావిక్‌లో ‘రోఁత్సే’. లిథువేనియన్‌లో ‘రఙ్కోయె’. అచట పాత సప్తమి చివర ‘లోపల’ అను అర్థము గల చిన్నమాట యొకటి అంటుకొన్నది. ‘చేతి’కి ‘లో’ చేర్చి మనము ‘చేతిలో’ అన్నట్లే యిది.

సంబోధన: స్లావిక్ ‘రోఁకొ’, లిథువేనియన్ ‘రఙ్క’. రెండును హ్రస్వాంతమైన ‘*రఙ్క’ నుండియే.

బహువచన ప్రథమ ‘*రఙ్కాస్’. లిథువేనియన్‌లో ‘రఙ్కోస్’, అదియే ‘రమాః’. స్లావిక్ ఇచటను తనదైన మార్గమున బోయి, ద్వితీయా బహువచనమైన ‘రోఁకీ’నే ప్రథమకును వాడుకొన్నది.

ద్వివచనము: రెండు చేతుల కథ

చేతులు రెండు. కావున ఈ మాటకు ద్వివచనము అత్యవసరము. మూలభాషలో అది ‘ఆయ్’ వంటి ప్రత్యయముతో ముగిసినది. లిథువేనియన్‌లో ‘రఙ్కి’, స్లావిక్‌లో ‘రోఁత్సే’, సంస్కృతమున ‘రమే’. మూడును ఒకే ప్రత్యయమునకు మూడు రూపములు.

కాలక్రమమున స్లావిక్ భాషలలో పెక్కు ద్వివచనమును విడిచినవి. స్లొవీన్, సోర్బియన్ భాషలు దానిని నేటికిని కాపాడుకొనుచున్నవి. కాని విడిచిన భాషలలోను ‘చేయి’ అను మాట దానిని పూర్తిగా విడువలేదు. పోలిష్‌లో నేడు ‘చేతులు’ అనుటకు ‘రెన్‌త్సె’ అందురు. చెక్‌లో ‘రుత్సె’. ఇవి బహువచనములుగా చెలామణి యగుచున్న పాత ద్వివచనములే. పోలిష్‌లో ‘చేతిలో’ అను అర్థమున ‘వ్ రెఙ్కు’ అనుటయు కలదు. అదియు ద్వివచన సప్తమియే. నేటి పోలిష్‌వారు దానిని ఏకవచనమని భావించుచున్నారు. వ్యాకరణము మరచినదానిని ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్నది.

తెలుగునకు ద్వివచనము లేదు, ఉర్దూకును స్వతఃగా లేదు. అయినను ఉర్దూ విద్యార్థులు తల్లిదండ్రులను ‘వాలిదైన్’ అనునప్పుడును, రెండు పుణ్యక్షేత్రములను ‘హరమైన్’ అనునప్పుడును అరబ్బీ ద్వివచనమునే పలుకుచున్నారు. అరబ్బీకిని ఈ శాఖకును ఈ విషయమున చుట్టరికము నిరూపితము కాలేదు. జంటలుగా నుండు వానిని పలుకుటలో ద్వివచనము చిరకాలము నిలుచుట మాత్రము ఉభయత్ర సమానము.

ఊనిక: మోసపుచ్చిన పోలిక

రష్యన్‌లో ప్రథమ ‘రుకా’ అనునప్పుడు బలము చివరి అచ్చుపై పడును. ద్వితీయ ‘రుకు’ అనునప్పుడు మొదటి అచ్చుపై పడును. లిథువేనియన్‌లోను సరిగా అట్లే: ‘రఙ్క’కు చివర, ‘రఙ్కాఁ’కు మొదట. ఇంత చక్కని పోలికను చూచినవాడు, మూలభాషలోను ఊనిక ఇట్లే కదలెడిదని వెంటనే వ్రాయగోరును.

కాని షష్ఠిని చూడవలెను. రష్యన్‌లో ‘రుకీ’కి ఊనిక చివర, లిథువేనియన్ ‘రఙ్కోస్’కు మొదట. తలకు లిథువేనియన్‌లో ‘గల్వ’ అను మాట కలదు. అది నిజముగా ఊనిక కదలెడు మాట. దాని షష్ఠి ‘గల్వోస్’కు ఊనిక చివరనే పడును. ‘రఙ్క’ ఆ వర్గమునకు చెందలేదు. 1896లో ఫెర్దినాన్ ద సోస్యూర్ దీనికి కారణము చెప్పెను. లిథువేనియన్‌లో కొన్ని మాటలకు ఊనిక పూర్వము ధాతువుపైననే ఉండెను. దాని వెనుక ఒక ప్రత్యేక గుణము గల అచ్చు వచ్చినచో ఊనిక ఆ అచ్చుపైకి జరిగినది. ‘రఙ్క’లో చివరి అచ్చునకు ఆ గుణము కలదు, ‘రఙ్కోస్’లో లేదు. అనగా రష్యన్, లిథువేనియన్ భాషలు ప్రథమాద్వితీయలలో ఒకే చోటికి వచ్చినను, వచ్చిన దారులు వేరు. అందువలననే మేము ‘*రఙ్కా’పై ఊనిక గుర్తును వేయలేదు.

ఆ ప్రత్యేక గుణమేమి? కంఠమున శ్వాస క్షణకాలము బిగబట్టి విడిచినట్టి పలుకని నేటి పండితులు పెక్కురు భావింతురు. లాత్వియన్‌లో కొన్ని మాటలందు అట్టి పలుకు నేటికిని వినబడును. దాని మూలమును వెదకినచో మరల సోస్యూర్ వద్దకే పోవుదుము. 1879 సంవత్సరముతో వెలువడిన తన తొలి గ్రంథమున ఆయన, ఏ భాషలోను కానరాని కొన్ని ధ్వనులు మూలభాషలో ఉండవలెననియు, అవి లోపించుట చేతనే అచ్చులు దీర్ఘములైనవనియు వాదించెను. అప్పటికి ఆయనకు ఇరువది రెండేండ్లు నిండలేదు. చాలమంది దానిని లెక్క కట్టిన ఊహగా త్రోసివేసిరి. పిదప అనటోలియా త్రవ్వకములలో హిట్టైట్ మట్టిపలకలు దొరకినవి. 1927లో పోలిష్ పండితుడు కురిలోవిచ్, సోస్యూర్ ఉండవలెనన్న చోటులలో హిట్టైట్‌లో ఒక హల్లు నిజముగా నున్నదని చూపెను. నక్షత్రముతో వ్రాసినది మట్టిపలకపై దొరకినది. ‘రమా’, ‘*రఙ్కా’ పదముల చివరి దీర్ఘము అట్టి లోపించిన ధ్వని ఫలమే.

సాక్షి మరణించినచో

ఈ విచారణ అంతయు ఆధారపడినది కొన్ని చిన్న సాక్ష్యములపై. ప్రష్యన్ నకారము ఒకటి, లిథువేనియన్ షష్ఠి ఒకటి. ప్రష్యన్ మాటలాడినవారు కొంత జర్మన్ భాషలోనికి కలసిపోయిరి, కొంత 1709–1711 నాటి మహామారికి బలియైరి. ఎల్బింగ్ వ్రాతప్రతి 1825లో బయటపడి, అచ్చుకెక్కిన తరువాత, రెండవ ప్రపంచయుద్ధమున కనుమరుగైనది. ఆ భాషను గూర్చి మనకు కలుగు క్రొత్త ప్రశ్నలకు సమాధానము చెప్పువారు లేరు.

లిథువేనియన్‌కును గండము గడచినది. 1864 నుండి 1904 వరకు, నలువది ఏండ్లు, రష్యన్ సామ్రాజ్యమున ఆ భాషను లాటిన్ అక్షరములలో ముద్రించుట నిషిద్ధము. పుస్తకములు సరిహద్దు కావల తూర్పు ప్రష్యాలో అచ్చై, రాత్రివేళ రైతుల భుజములపై దేశములోనికి చేరెను. పట్టుబడినవారు చెరసాలలకు, సైబీరియాకు పోయిరి. యోనస్ యబ్లోన్‌స్కిస్ తన లిథువేనియన్ వ్యాకరణమును 1901లో తిల్సిత్ నగరమున మారుపేరుతో ప్రకటించెను. ‘రఙ్క, రఙ్కోస్, రఙ్కాయ్’ అను విభక్తులను పిల్లలకు నేర్పుట ఆనాడు అపాయకరమైన పని. ఆ మోతగాండ్రు తమ పిల్లల చదువు కొరకు తెచ్చిరే కాని, మన శాస్త్రము కొరకు కాదు. అయినను సంస్కృత ‘రమాః’ ఎంత పాతదో తెలిసికొనుటకు వారి భుజబలము మనకు తోడ్పడుచున్నది.

ఉపసంహారము

విద్యార్థి మిత్రులారా, ‘*రఙ్కా’ అను మాట మీకు పరీక్షలలో రాదు. కాని దానిని తిరిగి కట్టిన పద్ధతి మీకు ప్రతిదినము ఉపయోగించును. ఒక్క పోలికతో తృప్తిపడక రెండవ సాక్షిని పిలుచుట, వారసత్వమును అరువు నుండి వేరుచేయుట, మన ఇష్టమునకు అనుకూలమైన రూపమును చూచినప్పుడు ప్రతికూలమైన రూపమును గూడ వెదకుట, చూచినదానిని ఊహించినదానితో కలిపివేయకుండుట ఆ పద్ధతిలోని మెట్లు. భాషలను గూర్చి అభిమానముతో మాటలాడువారు నేడు ఎందరో కలరు. వారి మాటలను ఈ మెట్లపై నిలిపి చూడుడు.

మన కళాశాలలో రెండు భాషాకుటుంబములు ఒకే బల్లపై కూర్చుండుచున్నవి. ఉర్దూ విద్యార్థి తెలుగు మిత్రునితో కూడి, తమ ఇండ్లలో వాడు మాటలను నూరింటిని ఒక పుస్తకమున వ్రాసికొని, ఏవి పుట్టుకతో వచ్చినవో, ఏవి అరువు తెచ్చుకొన్నవో, ఏవి కేవలము పోలికచే మోసపుచ్చుచున్నవో విచారింపగోరుదుము. తేలినవానిని తేలినట్లే వ్రాయుడు. ఊహించినవానికి ముందు నక్షత్రము నుంచుడు.